ఆకలి కొట్టిన మంగళం

ఆ కాలంలో మా ఉదయగిరిలో పాట ముందు, కూడు తర్వాత. భజన జరిగే రోజున పాడేవాళ్లు, వాయించేవాళ్లు, చివరికి మూలన కూర్చుని చిడతలు ఆడించే ముసలాళ్లు కూడా మంగళం పాడేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టేవారు కాదు. కడుపు ఖాళీగా ఉంటే గొంతు తేటగా పలుకుతుందని పెద్దల మాట. (ఆ మాట అన్న పెద్దలెవరో గాని, వాళ్లు పాడేవాళ్లు మాత్రం అయ్యుండరు. వినేవాళ్లయి ఉంటారు, అదీ సుష్టుగా తిని వచ్చి.) ఇప్పుడు మా మనవళ్లు హార్మోనియం పాటలు వింటూ ఒళ్లో వేరుసెనక్కాయలు పోసుకుని నములుతుంటే నాకు ముచ్చటగానూ ఉంటుంది, కొంచెం కడుపుమంటగానూ ఉంటుంది. మాకా భోగం ఉండి ఉంటే, నేను చెప్పబోయే గొడవ జరిగేదే కాదు.

ఇంకొక కట్టుబాటు కూడా చెప్పాలి. అది తెలియకపోతే నా అవస్థ మీకు అర్థం కాదు. మంగళం మొదలైందంటే మధ్యలో ఆపకూడదు, అరిష్టం. మంగళం పాడి హారతి ఇచ్చాక ఆ పందిట్లో మళ్లీ కీర్తన ఎత్తకూడదు, అదీ అరిష్టమే. తలుపు గడియ వేసినట్టు అన్నమాట. ఆ గడియ వేసే పని మద్దెలది. మద్దెలోడు మంగళం దెబ్బ కొట్టగానే జనమంతా లేచి చప్పట్లతో అందుకుంటారు. మా ఊరి మద్దెలోణ్ణి నేను. అప్పుడు నాకు మీసం వచ్చీ రాని వయసు. మా భజన గుంపు పెద్దకు కంచుగొంతు మామ అని పేరు. ఆయన నాకు వరసకు మామ కాదు గాని, నా వీపు మీద తాళం వేసి నేర్పించాడు గనుక మామ అనక తప్పలేదు.

అంతకు ముందే ధాత నామ సంవత్సరపు కరువు వచ్చి పోయింది. దాని సంగతి నవ్వుతూ చెప్పేది కాదు. పశువులు నిలబడ్డచోటే కూలిపోయాయి. మనుషులు కొండెక్కి దుంపలు తవ్వుకున్నారు. మా నాయన పాతరలో దాచిన సజ్జలుండబట్టి మేం బతికాం. మా అవ్వ, అంటే నాయనకు తల్లి, ఆ సజ్జల్ని రోజూ గుప్పిటతో కొలిచి పొయ్యి మీదికి పంపేది. మా అక్కను ఆత్మకూరు ఇచ్చాం. అక్కడ చెరువు ఎండి నెర్రెలు విచ్చిందని తెలిసి నాయన బండి కట్టుకుని పోయాడు. పోయినవాడు మర్యాదగా బిడ్డను పంపమని అడిగి తీసుకు రావచ్చు గదా! చిక్కిపోయిన అక్కను చూసేసరికి ఆయనకు కడుపు తరుక్కుపోయి, వీధి వాకిట్లోనే నిలబడి, నలుగురూ వింటుండగా, "నా బిడ్డకు గంజినీళ్లు కూడా పొయ్యలేని ఇంట్లో ఎందుకు ఉండాల? తీసకపోతా ఉండా!" అన్నాడు.

మా బావ ఏం తక్కువవాడు కాదు. తన వంతు గంజి కూడా అక్కకే పోసి, తాను తాటి నార నమిలిన మనిషి. (ఇది అక్క మాకు చాలా తర్వాత చెప్పింది.) ఆ మాట ఆయనకు శూలం మాదిరి దిగబడింది. "పోతే పొమ్మను. ఇంక నేను ఆ గడప తొక్కితే ఒట్టు, ఆ ఇంట మంచినీళ్లు ముట్టుకుంటే ఒట్టు" అన్నాడు. వానలు పడ్డాయి, చెరువులు నిండాయి, బహుధాన్య సంవత్సరం పేరుకు తగ్గట్టే పండింది. అయినా అక్క మా ఇంట్లోనే ఉంది. వాళ్లొచ్చి పిలిస్తే పంపుతానని నాయన, పంపితే ఏలుకుంటానని బావ. మధ్యలో అక్క తిరగలి తిప్పుతూ, ఎవరినీ ఒక్క మాట అనకుండా చిక్కిపోతూ ఉండేది. కరువులో చిక్కిందానికంటే పంటలొచ్చాకే ఎక్కువ చిక్కింది.

అప్పుడు అవ్వ ఒక ఉపాయం పన్నింది. బావ మంచి పాటగాడు, ఆత్మకూరు భజన గుంపుకు ఆయనే పెద్ద గొంతు. కార్తీక సోమవారం నాడు మా ఇంటి ముందు పందిరి వేసి, ఉదయగిరి గుంపు, ఆత్మకూరు గుంపు పాడేటట్టు కబురంపింది. అల్లుణ్ణి పిలవలేదు, పాటగాణ్ణి పిలిచింది. పాట అయ్యాక పాడినవాడికి పంచెల చాపు పెట్టి తాంబూలం ఇవ్వడం ఆనవాయితీ. ఆ పంచెలు నాయన చేతుల మీదుగా ఇప్పించి, అప్పుడే ఒక మంచి మాట చెప్పించి, మర్నాడు పొద్దున అక్కను బండెక్కించాలని ఆమె ఎత్తు.

"చెప్తావా లేదా?" అని నాయన్ను నిలదీసింది.

"పాట బాగుంటే చెప్తా" అన్నాడు నాయన.

"బాగా లేకపోతే?"

"బాగా లేకపోతే ఎందుకు చెప్పాల?"

"ఓరి నీ మొండితనం కాలా! నీ నోట్లోంచి మంచి మాట రావాలంటే వాడు రాగం తియ్యాలంట్రా?" అని అవ్వ నెత్తి కొట్టుకుంది.

ఆ సోమవారం మా ఇంట్లో వాసనలకు తట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. చుక్క పొడిచేదాకా ఊరంతా ఉపవాసం, మా ఇంట్లో మాత్రం తెల్లవారినప్పటి నుంచీ పొయ్యిలు ఆరలేదు. కొత్త సజ్జపిండిలో బెల్లం పాకం పోసి బూరెలు వత్తారు. అలసంద వడలు, గుమ్మడికాయ పులుసు, గోంగూర పచ్చడి, ఉలవచారు, కుండంత సంకటి. రెండేళ్లు గుప్పిళ్ల కొలతలో బతికినవాళ్లం గదా, అవ్వకు కూడా ఆ రోజు చెయ్యి ఆగలేదు. నేను నాదం కోసం మద్దెల ఎడమ మూతికి తడి రవ్వ పూసుకుంటూ వాకిట్లో కూర్చుని, గాలి ఎటునుంచి వీస్తే అటు ముఖం తిప్పుతూ ఉన్నాను.

మధ్యాహ్నం అక్క బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది. చేతులకు పిండి. "ఒరే, మద్దెల జాగ్రత్తగా వాయించరా. ఆయన పాట ఇని రెండేండ్లయినాది. ఆయన పాడేటప్పుడు నేను పొయ్యికాడ ఉండను, కిటికీకాడ నిలబడుకుంటా" అంది. "నీకెందుకు, నాదే పూచీ" అని ఛాతీ విరుచుకున్నాను. (ఆ ఛాతీని తలుచుకుంటే ఇప్పటికీ ఎక్కడైనా దాచుకోవాలనిపిస్తుంది.)

పొద్దు వాలుతుండగా ఆత్మకూరు బండ్లు వచ్చాయి. ముందు బావ పెద్దనాయన దిగాడు, కోపిష్టి ముసలాయన, భుజాన తంబూరా. వెనక బావ. చేతిలో మూత గట్టిగా బిగించిన ఇత్తడి చెంబు. ఊరి నీళ్లు ఊరి నుంచే తెచ్చుకున్నాడు! పందిట్లో ఒక వార కూర్చుని, ఆ చెంబును పసిబిడ్డను పెట్టుకున్నట్టు పక్కనే పెట్టుకున్నాడు. నాయన అరుగు మీద నుంచి ఆ చెంబు వంకే చూశాడు. ఇద్దరూ పలకరించుకోలేదు. దారిలో మర్రిపాడు దగ్గర వాళ్ల మద్దెలోడికి జ్వరం తగిలిందట, అక్కడే దించేసి వచ్చారు. "మీ పిలగాడే మాకూ వాయించాల" అన్నాడు పెద్దనాయన. నాకు గర్వం తలకెక్కింది. రెండు ఊళ్లకు ఒకటే మద్దెల, అది నాది.

మా గుంపు ముందు పాడింది. కంచుగొంతు మామ ఆ రోజు పైస్థాయి అందుకుంటే కొండ మీద కోట గోడలు కూడా బదులు పలికాయి. మా వంతు అయిపోయింది. ఆత్మకూరు వాళ్లు ముందుకు జరిగారు. పెద్దనాయన తంబూరా శ్రుతి చేశాడు. బావ సర్దుకుని కూర్చుని, తలెత్తి, నోరు తెరిచాడు.

తెరిచిన నోట్లోంచి పాట రాలేదు. గొప్ప పాటగాళ్లు ఇట్లాగే జనాన్ని ఊరిస్తారు కాబోలు అనుకుని, రెండు చేతులూ మద్దెల మీద ఆనించి ఎదురుచూశాను. పందిరంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో లోపల ఎవరో సంకటి కుండలో తెడ్డు తిప్పిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే సెగ మీద కాగిన నెయ్యి వాసన కిటికీలోంచి వచ్చి తిన్నగా నా ముక్కులో దూరింది. కీర్తన అయిపోయింది, నిశ్శబ్దం, తెడ్డు చప్పుడు, నెయ్యి వాసన! ఈ నాలుగూ ఒక వరసలో వస్తే తర్వాత ఏం రావాలో ఎన్నో ఏళ్లుగా నా చేతులకు తెలుసు. నన్ను అడగలేదు అవి. ఢమ్మని మంగళం దెబ్బ కొట్టేశాయి.

నేనొక్కణ్ణే ఆకలి మీద ఉంటే సర్దుకునే వాళ్లేమో. పందిట్లో ఉన్న ప్రతివాడికీ పొద్దుటి నుంచీ కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. మద్దెల అట్లా అన్నదో లేదో, జనమంతా ఒక్కసారిగా లేచి నిలబడి మంగళం అందుకున్నారు. అంత ఊపుగా మంగళం పాడగా ముందూ వినలేదు, తర్వాతా వినలేదు. పూజారి అయ్య ఏ ధ్యాసలో ఉన్నాడో, కర్పూరం వెలిగించేశాడు. నాకు తెలివి వచ్చేసరికి అంతా మించిపోయింది. ఆపడానికి లేదు, ఆపితే అరిష్టం. వాయిస్తూ ఉన్నాను. కంచుగొంతు మామ నన్ను కళ్లతో నమిలేస్తూనే నోటితో మంగళం పాడుతున్నాడు. నాయన పళ్లు కొరుకుతూ చప్పట్లు కొడుతున్నాడు. కిటికీలో అక్క ముఖం కనిపించింది. ఆ ముఖం చూశాక నాకు ఆకలి చచ్చిపోయింది.

హారతి అయిపోయింది. గడియ పడిపోయింది. ఇంక కీర్తన లేదు. తిందామంటే ఆకాశంలో చుక్క పొడవలేదు. పాట లేక, కూడు లేక పందిరంతా బిక్కముఖాలు వేసుకుని నిలబడింది.

"ఏందిది?" అని పెద్దనాయన తంబూరా కింద పెట్టాడు. "పిలిచి పందిట్లో కూసోబెట్టి, నోరు తెరిచినాక మంగళం పాడతారా? మమ్మల్ని అవమానం చేసేదానికేనా ఇంత దూరం రప్పించింది?"

"అవమానం కాదు సామీ, పిలగాడు పొరపాటున..." అని మామ నసిగాడు.

"పిలగాడు కాదు, ఇదంతా పెద్దోళ్ల పనే. లెయ్ రా, బండి కట్టిద్దాం" అన్నాడు ఆయన. బావ లేచి చెంబు చేతికి తీసుకున్నాడు.

నాయన అరుగు దిగలేదు. పాట లేదు గనుక పంచెలు లేవు, పంచెలు లేవు గనుక మాట లేదు. అట్లా బిగుసుకుని కూర్చున్నాడు. ఆ బండ్లు కదిలితే రెండు ఊళ్ల మధ్య ఇంక దారి లేనట్టేనని అక్కడున్న అందరికీ తెలుసు. నేను మద్దెల వెనక నక్కి, భూమి చీలితే మద్దెలతో సహా దిగిపోదామని చూస్తున్నాను.

అప్పుడు మా అవ్వ లోపల్నుంచి వచ్చింది. చేతిలో విస్తరాకుల కట్ట. బావ ఎదురుగా నిలబడి, "ఏం నాయనా, యాడికి?" అంది.

"పోతా అవ్వా. మంగళం పాడేసినారు గదా, ఇంక నాతో ఏం పని?"

"మంగళం దేవుడికి పాడినారు, నీకు కాదు. దేవుడి పాట అయిపోయినాది, సరే. బంతి పాట కాలేదు గదా? పెండ్లిళ్లలో మంగళం అయినాక బంతిలో వియ్యాలవారి పాటలు పాడరా? ఎవురికి అరిష్టమైనాది?" అని పూజారి అయ్య వైపు తిరిగింది. "ఏమయ్యా, తప్పా?"

పూజారి కూడా ఉపవాసమే. "తప్పేం లేదు, తప్పేం లేదు" అని రెండు సార్లు అన్నాడు.

"నేను ఒట్టు పెట్టుకున్నా అవ్వా" అన్నాడు బావ, ఈసారి కొంచెం మెత్తగా.

"ఏమని పెట్టుకున్నావు? గడప తొక్కనంటివి. పందిరికి గడప యాడుండాది? ఈ ఇంట మంచినీళ్లు ముట్టనంటివి. నీ చెంబు నీకు ఉండనే ఉండాది. ఇంకేం అడ్డం?"

అంతా చక్కబడుతోందనగా నా నోరు ఊరుకోలేదు. "సంకటి మన నీళ్లతోనే గదా వండినాము అవ్వా" అన్నాను. ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి. పందిరంతా నా వైపు తిరిగిన చూపులకు నిప్పుండి ఉంటే ఆ రోజే నాకు దహనం అయిపోయేది.

"నోరు ముయ్ రా దరిద్రుడా! ఆ నీళ్లు కొండ కింద ఊట నీళ్లు. మీ నాయన తవ్వినాడా, మీ తాత తవ్వినాడా? దేవుడి నీళ్లు!" అని అవ్వ నన్ను అణచిపారేసి, బావ ముందు ఒక ఆకు పరిచింది. ఆకు పరిచాక లేచిపోవడం అన్నానికి అవమానం. కరువు చూసినవాడెవడూ ఆ పని చెయ్యడు. బావ చెంబు పక్కన పెట్టి, మెల్లిగా చతికిలబడ్డాడు. ఆయన కూర్చుంటే పెద్దనాయన కూర్చోక తప్పలేదు.

ఆకులు వేశారు, చుక్క కోసం చూస్తున్నారు. కిటికీ వెనక నుంచి గొంతు లేచింది. అక్క! పెళ్లిళ్లలో వియ్యాలవారిని ఎగతాళి చేసే వరసలోనే ఎత్తుకుంది.

"ఆత్మకూరి దొరగారు ఆకు ముందు కూసున్నారు
చెంబుతో నీళ్లు తెచ్చె, చెట్టంత అలక తెచ్చె
కూటి కరువు తీరినాది, కుండ నిండి పొంగినాది
మాట కరువు తీరదేమి, మారాజా చెప్పరాదా?"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. తర్వాత ఆ నవ్వు ఎట్లా ఆగిపోయిందో ఆగిపోయింది. రెండేళ్లుగా ఒక్క మాట అనని మా అక్క అన్నీ కలిపి ఆ ఒక్క పాటలో అనేసింది. నాకైతే ఏడుపే వచ్చింది. మద్దెల మీద తల వాల్చి దాచుకున్నాను.

బావ తల దించుకునే ఉన్నాడు. పందిరంతా చెవులు రిక్కించింది. ఆయన అట్లా ఆకు వంకే చూస్తూ, అదే వరసలో, మెల్లగా అందుకున్నాడు.

"మాట కరువు నాది కాదు, మామగారి నోటిదమ్మా
ముద్ద కొరకు రాలేదు, ముల్లు ఇంకా ఊడలేదు
ఒక్క మాట వడ్డిస్తే ఒట్టు గట్టు దాటుతాది."

ఇంక అందరూ అరుగు వైపు తిరిగారు. పాట బాగుంటే చెప్తానన్నాడు గదా నాయన. బాగుందో లేదో అడగాల్సిన పని లేకపోయింది. ఆయన దిగి లోపలికి పోయి, సంకటి కుండ తానే మోసుకుని వచ్చాడు. బావ ఆకు ముందు వంగి, ముద్ద వేస్తూ, "ఆ దినం బిడ్డను చూసి నాకు మతి పోయినాది అబ్బయ్యా. నీ ఇంట్లో కూడు లేకపోతే అది నీ తప్పా? ఊరంతా లేదు. నేను అనకూడని మాట అన్నాను. తిను" అన్నాడు. ఎవరి ముందూ తల వంచని మా నాయన ఆ మాట అంటూనే ఇంకో ముద్ద వేశాడు.

"నేను కూడా అట్టా పంతం పట్టకుండా ఉండాల్సింది మామా" అన్నాడు బావ.

"చుక్క పొడిచినాది!" అని ఎవరో కేక పెట్టారు. ఆ చుక్కకు కూడా మా అవ్వే చెప్పి పెట్టిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

ఆ తర్వాత పందిట్లో తిన్న తిండిని వర్ణించడం నా వల్ల కాదు. కోపిష్టి పెద్దనాయన బూరెల దగ్గర పూర్తిగా శాంతించాడు. బావ సంకటి ముద్ద గుంట చేసి పులుసు పోయించుకుని తిన్నాడు, ఎక్కిళ్లు వచ్చాయి. చెంబు పక్కనే ఉన్నా దాని మూత మరీ బిగిసిపోయి రాలేదు. అక్క గబగబా లోటాతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. మా ఇంటి నీళ్లే. గటగటా తాగేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. నేను కూడా, దేవుడి దయ వల్ల, ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున అక్క ఒళ్లో బియ్యానికి బదులు కొత్త సజ్జలు పోసి అవ్వ బండెక్కించింది. అక్క నా బుగ్గ గిల్లి, "ఇంక మీదట తిని వాయించరా నాయనా, నీకు పుణ్యముంటాది" అంది. బండ్లు దుమ్ములో కలిసిపోయేదాకా చూసి ఇంట్లోకి వస్తే, పొయ్యి దగ్గర ఎవరూ లేరు. ఆ పూట మిగిలిన బూరెలు ఎన్ని ఉన్నా నాకు సహించలేదు. బావ చెంబు పందిట్లోనే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి రెండు ఊళ్లలోనూ నాకు ఒక మినహాయింపు దొరికింది. భజన అంటే చాలు, "ముందు మద్దెలోడికి పెట్టండి" అనేవారు. ఆత్మకూరు పోతే అక్క దగ్గరుండి తినిపించి, "తిను, తిను. లేకపోతే ఎవురి నోరు మూయిస్తావో" అని జన్మంతా ఎగతాళి చేసింది. ఆమె కోసం బావ నెల రోజులు సాధన చేసిన పాట నా వల్ల ఆగిపోయిందని ఆమెకొక తీపి కోపం. నేనూ తల వంచుకుని తినేవాణ్ణి.

చాలా ఏళ్లు గడిచాక, అక్క కూతురి పెళ్లి పందిట్లో, బావా నేనూ ఒక గుంజకు ఆనుకుని కూర్చున్నాం. ఇద్దరికీ జుట్టు నెరిసింది. "బావా, ఆ పాట ఇప్పుడన్నా పాడు, నా పాపం తీరిపోతాది" అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగాడు. "పాట యాడుండాదిరా! నోరు తెరిచినాక కిటికీలో మీ అక్క కనపడినాది. అంతే, పల్లవి లేదు, చరణం లేదు, నా పేరు కూడా నాకు గుర్తు లేదు. ఊరి ముందర నోరు తెరుచుకుని చచ్చిపోతా ఉండానే అనుకుంటా ఉంటే, నువ్వు మంగళం కొట్టినావు. నా పానం లేచొచ్చినాదిరా! కోపం వచ్చినట్టు లేచినాను గాని, నిన్ను కావిలించుకోవాల్సింది."

"మరి ఇన్నేండ్లూ నన్ను తిట్లు తిననిచ్చినావా?"

"మీ అక్కకు చెప్పమాకరా. నేను పెద్ద పాటగాణ్ణని ఆమె నమ్మకం."

చెప్పలేదు. అక్కా లేదు, బావా లేడు గనుక ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆ ఇత్తడి చెంబు మా ఇంట్లోనే ఉంది, దాని మూత ఇప్పటికీ సులువుగా రాదు. నాకు వేళ్లు వంకర్లు పోయాయి, మద్దెల మూల పడింది. అయినా వీధిలో ఎక్కడైనా మంగళం దెబ్బ వినపడితే చాలు, ఎంత తిని కూర్చున్నా సరే, నాకు మళ్లీ ఆకలి వేస్తుంది.